పొట్లాల్లో వచ్చిన పూలు

మా అమ్మ పోయి రెండేళ్ళు దాటింది. ఆవిడ చీరలూ, పెట్టెలూ, పాత్రలూ మొదటి సంవత్సరంలోనే పంపకాలయిపోయాయి గాని, వంటింటి అటక మీదున్న బిస్కెట్ల రేకుడబ్బా ఒకటి ఎవరికీ పట్టలేదు. మొన్న సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతుంటే అది నా చేతికి వచ్చింది. మూత సరిగా పడలేదు. లోపల వేపాకు పొడి, కట్టెల బూడిద, వాటి మధ్య పాత కేలండరు కాగితాలతో కట్టిన పొట్లాలు పదిహేడు. ప్రతి పొట్లం మీదా పెన్సిలుతో ఒక పేరు.

మా అమ్మ చదువుకున్నది బెంగుళూరు పేటలోని కన్నడ బడిలో. తెలుగు మాట్లాడడమే గాని రాయడం రాదు ఆవిడకు. అందుచేత పేర్లు తెలుగువి, అక్షరాలు కన్నడవి. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలా ఇళ్ళలో ఇటువంటి కాగితాలే ఉండి ఉంటాయి - తమిళ లిపిలో తెలుగు ఉత్తరాలు, ఒరియా లిపిలో తెలుగు పద్దులు. మా మనవరాలు పన్నెండేళ్ళది. పొట్లం మీది అక్షరాలు నాకంటే చురుగ్గా చదివేసింది. చదివి, "బొగడబంతి అంటే ఏమి తాతా?" అని అడిగింది.

చెప్పాను. కాని చెబుతున్నప్పుడే నాకొక సందేహం మొదలైంది. ఈ పదిహేడు పొట్లాల్లో మనవి ఎన్ని? బంతి, చంద్రకాంత, బొగడబంతి, బిళ్ళగన్నేరు, గడ్డిగులాబి, 'జిన్నె' (జిన్నియాను అమ్మ అలాగే అనేది) - ఇవన్నీ మా అవ్వగారి కాలం నుంచీ మా పెరట్లో ఉన్నవే. కనక అనాదిగా ఉన్నవే అనుకుంటూ వచ్చాను. ఉద్యోగ విరమణ చేసిన తపాలా గుమాస్తాకు తీరికకేం తక్కువ? లాల్‌బాగు గ్రంథాలయమూ, ఇంట్లో ఉన్న నాలుగు పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. అలా తేలిన సంగతులివి.

ముందొక తేడా చెప్పాలి. పూలతోట మనకు కొత్త కాదు. ప్రతి ఏడూ గింజ వేసి పూలతోట పెంచడం మాత్రం కొత్త.

తెలుగు సాహిత్యంలో పూలతోట అనగానే విష్ణుచిత్తుడు గుర్తుకొస్తాడు. శ్రీవిల్లిపుత్తూరులో తోట పెంచి, రోజూ మాల కట్టి దేవుడికి సమర్పించిన పెరియాళ్వారు. ఆయన తులసివనంలోనే గోదాదేవి దొరికింది. ఆ కథను ఆముక్తమాల్యదగా రాసిన కృష్ణదేవరాయలు ఏలినది కన్నడసీమలోని విజయనగరం నుంచి. తమిళదేశపు తోట, కన్నడదేశపు రాజు, తెలుగు కావ్యం. మనబోటి వాళ్ళకు ఇంతకంటె ఊళ్ళోని కావ్యం మరొకటి లేదని నేనెప్పుడూ అంటుంటాను. సరే, అది వేరే మాట. ఆ రోజుల తోటల్లో పూచినవి మల్లె, జాజి, సంపెంగ, గన్నేరు, మందారం, పొగడ, తామర. తులసినీ మరికొన్నింటినీ పక్కన పెడితే, ఇవి చాలావరకు కొమ్మ నాటితోనో, అంటు తొక్కితోనో వచ్చేవి, లేదా ఏళ్ళ తరబడి నిలిచే చెట్లు. తాత నాటితే మనవడు కోసుకునేవి. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఈ ఊరివాళ్ళకు అన్నం ఎంత అవసరమో గులాబీ అంత అవసరమని ఆశ్చర్యపడ్డాడు. గులాబీ కూడా కొమ్మ నాటేదే.

గింజ సంగతి మనవాళ్ళకు తెలియదని కాదు. ఆరవ శతాబ్ది నాటి వరాహమిహిరుడు బృహత్సంహితలో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. గింజను పది రోజులు పాలలో ఉంచి, నేతి చేత్తో పట్టి, పేడలో దొర్లించి, ధూపం పట్టమన్నాడు. (ఆ ధూపానికి వాడమన్నవి పంది, లేడి మాంసాలు. మా ఇంట్లో ఈ భాగం పైకి చదవలేదు.) కాని అక్కడ దృష్టి ప్రధానంగా చెట్టు మీద. మూడు నెలల్లో మొలిచి, పూసి, గింజిచ్చి చచ్చిపోయే మొక్కను ప్రతి సంవత్సరం కొత్తగా పుట్టించి, పండుగ రోజుకు సరిగ్గా పూయించే లెక్క అక్కడ లేదు. ఆ లెక్క సముద్రం మీద వచ్చింది.

బంతి సొంత ఊరు మెక్సికో. అక్కడి అజ్టెక్కులు దానిని దేవతలకూ పితృదేవతలకూ వాడేవారు. మన గుమ్మాలకు మనం కట్టే తోరణాన్నే వాళ్ళ సంతతి నేటికీ నవంబరు మొదట్లో తమ పెద్దల సమాధుల మీద పరుస్తారు. 1492 తర్వాత ఆ ఖండం నుంచి బయలుదేరిన సరుకులో బంగారం వెండి గురించి చరిత్ర పుస్తకాలు రాశాయి గాని, మిరపకాయ, బంతి, గుమ్మడి చేసిన పని అంతకన్న పెద్దది. పోర్చుగీసువాళ్ళు 1510లో గోవా పట్టారు. వాళ్ళ ఓడల్లో ఈ గింజలు పడమటి కోస్తాకు చేరాయి. అక్కడి నుంచి ఏ చేతిలో పడి, ఏ బండెక్కి, ఏ సంతలో దిగి మన పెరళ్ళకు వచ్చాయో ఎవరూ రాసిపెట్టలేదు. గింజకు రహదారి పన్ను లేదు కదా.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి సంక్రాంతి గొబ్బెమ్మను చూడండి. పేడముద్ద మన ఆవుది. దాని మీద గుచ్చే గుమ్మడిపువ్వు అమెరికాది, బంతిపువ్వు అమెరికాది. బూడిదగుమ్మడి పాతకాలం నుంచీ మనదే గాని, పచ్చటి పెద్ద పువ్వు పూసే కూరగుమ్మడి అలా కాదు. అయిదు వందల ఏళ్ళ కిందటి గొబ్బెమ్మ తలలో ఏ పువ్వు ఉండేదో నాకు ఊహకు అందదు.

పేర్లు చూస్తే ప్రయాణం ఇంకా తెలుస్తుంది. ఆ కొత్త పువ్వును చూసి తెలుగువాడు బంతి అన్నాడు. కన్నడిగుడు చెండు అన్నాడు - అదీ బంతే. హిందీలో గేందా, ఒరియాలో గెండు - అవీ ఆ మాటే. ఎవరికి వారు ఆడుకునే బంతిని చూశారు. తమిళులు మాత్రం తులుక్క సామంది అన్నారు, అంటే తురక చామంతి. అది పరాయి నుంచి వచ్చిందన్న జ్ఞాపకాన్ని మన చుట్టుపక్కల భాషల్లో ఆ పేరే దాచిపెట్టింది. ఇంగ్లీషువాళ్ళ సంగతి మరీ వింత. ఒక రకాన్ని ఆఫ్రికన్ అన్నారు, ఇంకో రకాన్ని ఫ్రెంచి అన్నారు. రెండూ మెక్సికోవే!

చంద్రకాంతది కూడా అమెరికా ఖండమే. సాయంత్రం విచ్చుకునే ఆ పువ్వును కన్నడంలో సంజె మల్లిగె అంటారు, తమిళంలో అందిమందారై, మరాఠీలో గుల్బక్షి. బొగడబంతి తమిళంలో వాడామల్లి. కోసిన తర్వాత కూడా వాడదు గనక ఆ పేరు. బిళ్ళగన్నేరు మడగాస్కరు దీవిది. ఏడాది పొడుగునా పూస్తుంది గనక తమిళంలో నిత్యకల్యాణి, మరాఠీలో సదాఫులీ. ఒక్క జిన్నియాకే ఎవరూ సొంత పేరు పెట్టలేదు. అది 1759లో ముప్పై రెండేళ్ళు నిండకుండా పోయిన జిన్ అనే జర్మను వైద్యుడి పేరు. ఆ మెక్సికో మొక్కకు ఆయన గౌరవార్థం పెట్టారు. మా అమ్మ ఆ పేరుకు కొమ్ము తీసేసి, ఎత్వమిచ్చి మన మాట చేసేసింది.

షోలాపూరు, భివండీల మగ్గాల మీదికి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు అక్కడా బతుకమ్మ పేరుస్తారు. తంగేడు, గునుగు వరసల మధ్య బంతివరస లేకపోతే ఆ బతుకమ్మకు రంగు రాదు. ఆయుధపూజ నాడు మగ్గానికి కట్టేదీ ఆ పువ్వే. గునుగు మన బీళ్ళలో దానంతటదే మొలిచేది. బంతిని మాత్రం ఎవరో ఒకరు ఆషాఢ శ్రావణాల్లో గింజ వేసి పెంచవలసిందే. పండుగకు మూడు నెలల ముందే పండుగను గుర్తుంచుకోవాలి. ఏడాది పూలు మనకు నేర్పిన కొత్త క్రమశిక్షణ ఇదే.

బెంగుళూరు విషయానికి వస్తాను. 1760లో హైదరాలీ లాల్‌బాగుకు శ్రీకారం చుట్టాడు. టిప్పు కాబూలు, పారశీకం, మారిషసుల నుంచి గింజలూ మొక్కలూ తెప్పించాడు. 1800లో ఈ తోటలు చూసిన ఫ్రాన్సిస్ బుకానన్, చదరపు మడులు, మధ్య దారులు, అంచుల్లో సరుగులాంటి సైప్రస్ చెట్లు ఉన్నాయని రాశాడు. ఒక మడి నిండా గులాబీలే, ఒక మడి నిండా దానిమ్మలే - ఒక్కొక్క జాతికి ఒక్కొక్క మడి. అంటే టిప్పు తోట కూడా ప్రధానంగా నిలిచే చెట్ల తోటే. ఏడాది పూల మడి ఈ ఊరికి 1809లో దండు ఏర్పడ్డాక తెల్లవాళ్ళ బంగళాలతో వచ్చిందని నా అభిప్రాయం.

ఆ తెల్లవాళ్ళలో ఒకరి కథ చెప్పకుండా ఉండలేను. ఆయన బెంగుళూరు రాలేదు, కలకత్తా దగ్గర శ్రీరామపురంలో ఉండేవాడు. పేరు విలియం కేరీ. 1814లో తెలుగు వ్యాకరణం అచ్చు వేయించిన కేరీ ఆయనే. మత ప్రచారానికి వచ్చిన ఈ పాదిరీకి మొక్కలంటే ప్రాణం. 1820లో కలకత్తాలో వ్యవసాయ, ఉద్యాన సంఘం స్థాపించాడు. ఇంగ్లండు నుంచి ఒకసారి గింజల సంచి వచ్చింది. గింజలు తీసేసిన తర్వాత సంచి అడుగున మిగిలిన మన్ను పారెయ్యబుద్ధికాక, నీడగా ఉన్న చోట విదిలించాడు. కొన్నాళ్ళకు అక్కడ ఒక డెయిజీ మొలిచింది - ఇంగ్లండు పచ్చికలో ఎవరూ తిరిగి చూడని గడ్డిపువ్వు. దాన్ని చూసి ముప్పై ఏళ్ళు దాటిందట ఆయన. దేశం విడిచాక ఇంత చిన్న విషయం ఇంత ఆనందమివ్వలేదని స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అక్కడ ఏళ్ళ తరబడి బతికే ఆ మొక్క బెంగాలు వాతావరణానికి తట్టుకోలేదు. అందుచేత ప్రతి సంవత్సరం గింజ తీసి, దాచి, మళ్ళీ వేసి దానిని నిలబెట్టుకున్నాడు. తెలుగు వ్యాకరణం కంటె ఆ సంచి విదిలించడమే నాకు ఆయన్ని దగ్గర చేసింది.

కలకత్తా సంఘం తర్వాత 1835లో మద్రాసులో, 1836లో బెంగుళూరులో అటువంటి సంఘాలు లేచాయి. దూరదేశాల గింజలు తెప్పించి సభ్యులకు పంచడం వీటి పనుల్లో ముఖ్యమైనది. బెంగుళూరు సంఘం కొద్ది ఏళ్ళకే మూతపడింది గాని, 1856లో లాల్‌బాగు ప్రభుత్వ ఉద్యానవనమైంది. కానీ అప్పటికింకా పెద్ద చిక్కొకటి ఉంది. ఇంగ్లండు నుంచి గింజ రావాలంటే ఓడ ఆఫ్రికా కొస చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, నెలల తరబడి రావాలి. గింజకు శత్రువులు రెండే రెండు - తేమ, వేడి. ఆ ఓడ అడుగున రెండూ పుష్కలం. గింజల్లో చాలా భాగం దిగేటప్పటికే చచ్చి ఉండేవి. 1869లో సూయజ్ కాలువ తెరవడంతో ఆ నెలలు వారాలయ్యాయి. సూయజ్ కాలువ గురించి చదివినప్పుడు యుద్ధాలూ పత్తి బేళ్ళూ గుర్తొస్తాయి గాని, మన పెరటి పెటూనియా కూడా ఆ కాలువలోంచే వచ్చిందని ఎవరూ చెప్పరు.

రెండవ మలుపు నా శాఖకు సంబంధించినది కనక కాస్త గర్వంగానే చెబుతాను. 1877లో మన దేశంలో వి.పి.పి. పద్ధతి మొదలైంది. సరుకు ముందు, డబ్బు ఇంటి గుమ్మంలో. అంతవరకు గింజల కేటలాగు కలెక్టరు బంగళాకో కంటోన్మెంటుకో పరిమితం. ఆ తర్వాత ఏ తాలూకా ఊళ్ళోని బడిపంతులైనా కార్డు రాసి పూలగింజలు తెప్పించుకోగలిగాడు. పూనాలో పోచా వారు 1884లో విత్తనాల వ్యాపారం పెట్టారు. 1806 నాటి ఇంగ్లండు సటన్ వారు 1912లో కలకత్తాలో శాఖ తెరిచారు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆగస్టు ఆఖరు వచ్చిందంటే చాలు, చిన్న చిన్న గుడ్డపొట్లాలు, లక్క ముద్రలతో, సార్టింగు బల్ల మీద కుప్పపడేవి. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపల సన్నగా చప్పుడు. ఏ పార్శిలులో ఏముందో ఊహించడం తపాలా ఉద్యోగికి తగని పని. కాని గింజల పార్శిలును గుర్తు పట్టని వాడు మాలో లేడు.

ఆగస్టు ఎందుకంటే, అక్కడే ఉంది అసలు తికమక. ఇంగ్లండు పొట్లం మీద మార్చి ఏప్రిలులో, అంటే వసంతం మొదట్లో, గింజ వెయ్యమని ఉంటుంది. ఇక్కడ అలా వేస్తే మొలక ఎండలో మాడుతుంది. వాళ్ళ వేసవి మన శీతకాలం వంటిది. ఆ సంగతి తెల్లవాళ్ళకు అర్థం కావడానికి చాలా పొట్లాలు ఖర్చయ్యాయి. 1860లలో ఫర్మింజరు అనే పాదిరీ బెంగాలు తోటల మీద పుస్తకం రాసి, వానలు వెనకబట్టాక గింజ వెయ్యాలని నెలలవారీగా వివరించాడు. అదే తర్వాత దేశమంతటి తోటల పుస్తకమైంది. బెంగుళూరులో ఇంకో ఇబ్బంది ఉంది. ఇక్కడ సెప్టెంబరులోనే వాన ఎక్కువ. జనవరి పూలకు అప్పుడే నారు పొయ్యాలి. నారుకుళ్ళు పట్టి, సాయంత్రం నిలబడ్డ మొలకలు తెల్లారేసరికి దారం తెగినట్టు పడిపోతాయి. అందుకే ఇక్కడివాళ్ళు పంచల కింద, చావిళ్ళలో, చూరు నీళ్ళు పడని చోట కుండీల్లో నారు పోసేవారు.

లాల్‌బాగులో గాజుమేడకు 1889లో పునాదిరాయి పడింది. 1908లో అధికారిగా వచ్చిన జర్మను తోటమాలి క్రుంబిగల్ కాలంలో, 1912లో మైసూరు ఉద్యాన సంఘం ఏర్పడింది. డ్రెస్డెను దగ్గర పుట్టి, క్యూ తోటల్లో పనిచేసి, బరోడా మీదుగా ఇక్కడికి వచ్చిన మనిషి ఆయన. జర్మనుడైన కారణాన రెండు ప్రపంచయుద్ధాల్లోనూ నిర్బంధం అనుభవించి కూడా బెంగుళూరు వదలలేదు. 1956లో ఇక్కడే కన్నుమూశాడు. ఊళ్ళోని బాటల పక్కన ఒక జాతి చెట్టు పూత అయిపోగానే ఇంకో జాతి పూసేటట్టు ఆయన వేసిన లెక్క ఈ నాటికీ ఫిబ్రవరి, మార్చి నెలల్లో కనబడుతుంది. ఉద్యాన సంఘం పూల ప్రదర్శనలూ, ఇంటి తోటల పోటీలూ పెట్టింది. వాటి పుణ్యమా అని గింజల పొట్లం బంగళా దాటి పేటలోని మా వంటి ఇళ్ళ పెరళ్ళలోకి వచ్చింది. మా నాన్న ప్రతి జనవరిలో అమ్మను ప్రదర్శనకు తీసుకువెళ్ళేవాడు. ఆయన గాజుమేడ చూసేవాడు, ఆవిడ బయట గింజలమ్మే బల్లలు చూసేది.

అమ్మ లెక్కకు ఫర్మింజరు అక్కరలేదు. ఆవిడకు రెండు పంటలు. ఒకటి వినాయక చవితి అయ్యాక నారు పోసి సంక్రాంతికి కోసేది. రెండవది సంక్రాంతి వెళ్ళాక నారు పోసి ఉగాదికి కోసేది. ఉగాది నుంచి వెనక్కి వేళ్ళ మీద లెక్కించేది. జిన్నెకు అరవై రోజులు, బంతికి రెండు నెలలు పైన పది, గడ్డిగులాబికి ఇంకాస్త తక్కువ. చెరువుమన్ను, ఇసుక, మాగిన ఎరువు సమంగా జల్లెడ పట్టి, మట్టికుండీ మీద పొడిపొడిగా గింజ చల్లి, గింజ మందం కంటె ఎక్కువ మన్ను కప్పకూడదనేది. దుమ్ములా ఉండే పెటూనియా గింజను పొడి ఇసుకలో కలిపి చల్లేది, పైన మన్ను వెయ్యకుండా. చుట్టూ బూడిద గీత, చీమలకు. నాలుగైదు ఆకులు వేశాక సాయంత్రం పూట నాటు. రథసప్తమి లోపల నారు లేచి నిలబడకపోతే ఆ ఉగాదికి పూలు బజారువే.

1980లలో, నాకు జీతం కాస్త పెరిగిన రోజుల్లో, ప్రదర్శనలో హైబ్రిడ్ బంతి పొట్లం ఒకటి కొని అమ్మకిచ్చాను. 1965 నుంచి బెంగుళూరే హైబ్రిడ్ పూలగింజలకు పేరు మోసింది. ఆ సంవత్సరం పూచిన బంతులు కొబ్బరిచిప్పలంత. వీధివాళ్ళు వచ్చి చూసిపోయారు. అమ్మ అలవాటు ప్రకారం గింజ కట్టింది. మరుసటి ఏడు చూస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి ఒంటిరేకుది, ఒకటి చెట్టే గాని పువ్వు లేదు. "నువ్వు తెచ్చిన గింజకు మతి లేదప్పా" అంది. నిజానికి మతి లేకపోవడం కాదు. రెండు వేరు వేరు వంశాలను కలిపి పుట్టించిన మొక్క అది. దాని సంతానంలో తాతల గుణాలన్నీ విడివిడిగా బయటపడతాయి. కనక కంపెనీ పొట్లం ప్రతి సంవత్సరం కొనవలసిందే. అందులో వారి శ్రమ ఉంది, కాదనను. నేడు పంజాబులో సంగ్రూరు, పటియాలా పొలాల్లో యూరపు దేశాలకు ఎగుమతి చెయ్యడానికి పూలగింజ పండిస్తున్నారు. రెండు వందల ఏళ్ళ కిందట అటు నుంచి ఇటు వచ్చిన ఓడ ఇప్పుడు ఇటు నుంచి అటు వెళుతోంది.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. ఆ కలగాపులగం చెట్లలో తనకు నచ్చిన దాని మొదటి పువ్వుకు ఎర్రదారం కట్టింది. నారింజ రంగు, రేకు మొదట్లో ఇటికరంగు మరక, పువ్వు మరీ పెద్దది కాదు, కాడ గట్టి. దారం కట్టిన పువ్వును మాలలోకి కొయ్యనిచ్చేది కాదు. చెట్టు మీదనే ఎండి, ముచ్చిక గోధుమరంగయ్యాక గింజ తీసేది. మరుసటి ఏడు మళ్ళీ అలాంటిదే వెతికి మళ్ళీ దారం. నచ్చనివాటిని మొగ్గలోనే పీకేసేది. పదేళ్ళకు పైగా ఇలా చేస్తే, చివరికి వేసిన గింజల్లో చాలా మటుకు ఆ పువ్వే పూయడం మొదలెట్టింది. విశ్వవిద్యాలయాల్లో దీనినే ఎంపిక అంటారని తర్వాత చదివాను. మా ఇంట్లో దాని పేరు దారంబంతి. డబ్బాలోని పదిహేడు పొట్లాల్లో పన్నెండవది అది. ఇంకెక్కడా లేని పువ్వు. చుట్టాలకు నారు పంచింది గాని, వాళ్ళందరూ ఇప్పుడు మేడల మీది వాటాల్లో ఉన్నారు.

ఇక నా తప్పు చెప్పాలి. అమ్మ ఆ డబ్బాను ఏటా ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి, మూత చుట్టూ గుడ్డ కట్టి పెట్టేది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గితే దాని ఆయుష్షు రెట్టింపవుతుందనీ, వేడి 5 డిగ్రీలు తగ్గితే మరో రెట్టింపనీ హారింగ్టన్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చెప్పిన సూత్రం ఒకటుంది. అమ్మకు సూత్రం తెలియకపోయినా గుడ్డ తెలుసు. కర్మకాండ హడావుడిలో ఎవరో డబ్బా తెరిచి మూత వదులుగా పెట్టారు. ఆ ఎవరో నేనే అయి ఉంటాను. రెండు వానాకాలాలు ఆ మూతలోంచి లోపలికి వచ్చాయి.

కనుమ మర్నాడు తడిగుడ్డ మీద పదేసి గింజలు పరిచి చుట్టి పెట్టాం, నేనూ మనవరాలూ. మొలకశాతం చూడడానికి. చంద్రకాంత పదికి ఏడు మొలిచింది. దాని గింజ మిరియమంత గట్టిది. జిన్నె అయిదు. బొగడబంతి రెండు. ఆస్టరు సున్నా, అది మామూలుగానే ఏడాది దాటితే నమ్మకూడని గింజ. దారంబంతి నాలుగో రోజుకు ఏమీ లేదు. ఆరో రోజుకు ఒక్కటి. అంటే పదికి ఒకటి. పొట్లంలో మిగిలినవి లెక్కపెట్టాం. నలభై మూడు.

అన్నీ ఒకేసారి వెయ్యాలా, సగం దాచాలా? మనవరాలు సగం దాచమంది. పిల్లలకు రేపటి మీద నమ్మకం ఎక్కువ. పదికి ఒకటి మొలిచే గింజ వచ్చే ఏటికి అది కూడా మొలవదని నా లెక్క. అన్నీ వేసేశాం. తడిగుడ్డ మీద మొలిచిన ఆ ఒక్కదాన్నీ పుల్లతో ఎత్తి పక్కన పెట్టాం. కుండీ మీద గుచ్చిన ఐస్‌క్రీము పుల్ల మీద పేరు మనవరాలే రాసింది, కన్నడ అక్షరాల్లో.

ఇప్పుడు రథసప్తమి వెళ్ళి నాలుగు రోజులు. కుండీలో లేచినవి మూడు, గుడ్డ మీదిది ఒకటి, మొత్తం నాలుగు. మొన్న రాత్రి నత్త ఒకదాని తల కొరికేసింది. మూడున్నాయి. ఉగాదికి అందవు. చైత్ర పౌర్ణమికి, పేటలో కరగ ఊరేగే నాటికి మొదటి మొగ్గ రావచ్చు. మూడింటిలో ఏది అమ్మ పువ్వో, ఏది తాతల పోలికో అప్పుడు గాని తెలియదు. ఈలోగా కుట్టుమిషను సొరుగులో ఎర్రదారపు ఉండ ఉండాలి, వెతకాలి.